వాగు దాటే సైకిల్

నాకు టీచరుగా మొదటి పోస్టింగ్ చివ్వెంల దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్లో వచ్చింది. రెండువేల ఆరు నాటి మాట. మేము సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో మెషిన్లు చూసుకునేవాడు. పొద్దున్నే ఆయన ఒక బస్సు, నేనొక బస్సు ఎక్కేవాళ్లం. నా బస్సు నన్ను హైవే మీద దించేసి పోయేది. అక్కడి నుంచి బడికి గంట నడక. ఆటో దొరికితే అదృష్టం, దొరకని రోజులే ఎక్కువ. బడికి చేరేసరికి చెప్పుల నిండా మట్టి, గొంతులో తడి ఉండేది కాదు. మొదటి పీరియడ్ లెక్కలు చెప్పాల్సింది నేనే.

సూర్యాపేట నుంచి పొలాల మీదుగా ఆ ఊరికి ఒక అడ్డదారి ఉందని రెండు నెలల తర్వాత తెలిసింది. దూరం చాలా తగ్గుతుంది. కానీ మధ్యలో వాగు, దాని మీద వంతెన లేదు. పెద్ద రాళ్లు వరుసగా వేసి ఉంటే జనం వాటి మీద నడిచి దాటేవాళ్లు. సైకిల్ ఉన్నవాళ్లు దాన్ని భుజానికెత్తుకునేవాళ్లు. అందరూ స్కూటీ కొనుక్కోమన్నారు. స్కూటీని భుజానికెత్తుకోలేను కదా.

సైకిల్ తొక్కడం నాకు కొత్త కాదు. హాలియా దగ్గర మా పుట్టినూళ్లో, అన్న సైకిల్‌కి అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నాను. ఇంటి ఓనరు పాత సైకిల్ అడిగి తీసుకుని ఒక ఆదివారం ఆ దారి చూసి వద్దామని బయల్దేరాను. వాగు దాకా బాగానే పోయాను. సైకిల్ ఎత్తుకుని మూడో రాయి మీద కాలు పెట్టానో లేదో, దాని బరువుకి తూలి, అదీ నేనూ కలిసి మోకాలి లోతు నీళ్లలో పడ్డాం. తడిబట్టలతో గట్టు మీద కూర్చుని ఆలోచిస్తే ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తోచింది. దారిలో తప్పు లేదు, నాలో తప్పు లేదు, సైకిల్ బరువే ఎక్కువ.

మార్కెట్ రోడ్డులో ఒక ముసలాయనకు సైకిళ్లు బాగుచేసే డబ్బా కొట్టు ఉండేది. ఆయన్ని అందరూ చాచా అనేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి, సైకిల్ దిగకుండా వారం రోజులు గుండ్రంగా తొక్కే ప్రదర్శనలు ఇచ్చాడట. అన్నం తినడం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదే. ఒక్క చేత్తో ఎత్తగలిగే సైకిల్ కావాలని అడిగితే ఆయన నవ్వలేదు. అందుకే నాకు ధైర్యం వచ్చింది.

"గసొంటిది దుకాణంల దొరకదు టీచరమ్మా, మనమే చేసుకోవాలె. ముందుగాల సన్న ఫ్రేమ్ దొరకాలె" అన్నాడు.

అలాంటి ఫ్రేమ్ ఎక్కడుందో కూడా ఆయనే చెప్పాడు. కోదాడలో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నారు. చదువుకునే రోజుల్లో పందేల్లో తొక్కిన సైకిల్‌ని ఇంకా ఇంట్లోనే ఉంచుకున్నారు.

మా ఆయనకు ఇదంతా నచ్చలేదు. టీచరు సైకిల్ మీద పోతే నలుగురు ఏమనుకుంటారని ఆయన బాధ. అయినా నన్ను ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక కోదాడకు వెంట వచ్చాడు. మాస్టారి ఇంటి వరండాలో సైకిల్ గోడకు కొక్కేనికి వేలాడుతోంది. చక్రాలు తుప్పు పట్టాయి. ఫ్రేమ్ గొట్టాలు మాత్రం నా బొటనవేలి కంటే కొంచెమే లావు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి మెలి తిరిగి ఉంది. మాస్టారు మాకు మంచినీళ్లిచ్చి, చాలాసేపు నా బడి గురించే అడిగారు. చివరికి అసలు మాట అన్నారు.

"నెల రోజులు తొక్కి మూలన పడేసేట్టయితే మాత్రం ఇవ్వనమ్మా. ఇక్కడే ఉంటుందిలే."

"తొక్కుడు ఒక్కటే కాదు సార్, రోజుకు రెండుసార్లు ఎత్తుకొని వాగు దాటాలె. అందుకే అడుగుతున్న" అన్నాను.

అయితే నువ్వే దించుకో అన్నారాయన. మా ఆయన లేవబోతే చేత్తో ఆపారు. నేను స్టూలెక్కి కొక్కెం నుంచి దించి భుజానికి వేసుకున్నాను. తుప్పు చక్రాలతో కూడా అది నన్ను తూలనివ్వలేదు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని వీధి గేటు దాకా వచ్చారు. మేం మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు. బస్సులో సైకిల్‌ని మా ఇద్దరి మోకాళ్లకు ఆనించి పట్టుకుని సూర్యాపేట చేరాం.

దసరా సెలవులన్నీ చాచా డబ్బా దగ్గరే గడిచాయి. మడ్‌గార్డులు, చైను కవరు, స్టాండు తీసేశాం. గేర్లు బిగుసుకుపోయి ఉన్నాయి. వాటినీ తీసేసి ఒక్క పళ్లచక్రం మాత్రం ఉంచుదామన్నాడు చాచా. ఎక్కువ సామాను ఉంటే ఎక్కువ రిపేర్లని ఆయన సిద్ధాంతం. తుప్పు గీకే పని నాది. అల్యూమినియం రిమ్ములు మిర్యాలగూడలో దొరికాయని మా ఆయన ఒక సాయంత్రం భుజాన వేసుకుని వచ్చాడు. నేను తెమ్మని అడగలేదు. గేర్లు తీసేయడం వల్ల వెనక చక్రం దగ్గర సందు మిగిలింది. ఆ సందులో పట్టే రింగు ఎక్కడా దొరక్కపోతే, మిల్లు వర్క్‌షాపులో లేతు మిషను మీద తనే చేయించుకొచ్చాడు. మొదటిది లావైంది, రెండోది వదులైంది. మూడోది పట్టిన రోజు ఆయన ముఖం చూడాలి. అప్పటి నుంచి నలుగురు ఏమనుకుంటారన్న మాట ఇంట్లో వినిపించలేదు.

చక్రానికి స్పోకు పుల్లలు ఎక్కించి వంకర తీయడం చాచా నాతోనే చేయించాడు. రిమ్ముకు దగ్గరగా సుద్దముక్క పెట్టి చక్రం తిప్పితే, వంకర ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. గీత పడిన వైపు పుల్ల వదులు చేయాలి, ఎదుటి వైపు పుల్ల బిగించాలి. నేను ఒకచోట సరిచేస్తే ఇంకోచోట వంకర తేలేది. ముందు చక్రం నాలుగుసార్లు విప్పి కట్టాను. చాచా పక్కన కూర్చుని చాయ్ తాగుతూ, "కన్నుతోని కాదు బిడ్డా, చెవుతోని పట్టాలె. పుల్ల మీటితే అన్నీ ఒక్క తీరు మోగాలె" అన్నాడు. ఐదోసారి మీటి చూస్తే చుట్టూ ఒకే చప్పుడు వచ్చింది. బీయెడ్ పాసైనప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

బరువు ఎంతో తెలియాలి కదా. చాచా సైకిల్‌ని నడిపించుకుంటూ మార్కెట్ యార్డుకు తీసుకుపోయి వడ్ల బస్తాలు తూచే కాంటా మీద పెట్టించాడు. పదకొండు కిలోలు. నమ్మకం కుదరక హమాలీ ఒకాయన కాంటా సరిచేసి మళ్లీ తూచాడు. తర్వాత ఒక్క వేలితో సైకిల్‌ని పైకెత్తి చూసి, వడ్లబస్తాలు కూడా ఇలాగే ఉంటే బాగుండునన్నాడు. గంట తీసేస్తే ఇంకా తగ్గుతుందేమోనని నేనంటే చాచా ఒప్పుకోలేదు. బర్రెలను, గొర్లను దారి అడగాలంటే గంట ఉండాల్సిందేనన్నాడు.

సెలవులయ్యాక మొదటి రోజు చుడీదార్ వేసుకుని బయల్దేరాను. బడికి నేను చీర కాకుండా వేరే బట్టల్లో పోవడం అదే మొదలు. వాగు దగ్గర దిగి, సైకిల్ భుజానికి తగిలించుకుని, రాళ్ల మీద నెమ్మదిగా అవతలికి చేరాను. అవతల గట్టు మీద గొర్లు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నిలబడి ఇదంతా చూశాడు.

"గిదేం సైకిల్ బిడ్డా, గాలొస్తే కొట్టుకపోతదా ఏంది?" అన్నాడు. ఎత్తి చూడమని ఇస్తే ఎత్తి, కిందికి దించి, మళ్లీ ఎత్తాడు. ఆ తర్వాత నేను కనపడితే చాలు, గొర్లను ఒక పక్కకు అదిలించేవాడు.

అన్ని రోజులూ అంత బాగా గడవలేదు. మొదటి వారంలోనే చుడీదార్ కాలు చైనులో చిక్కుకుని కింద పడ్డాను. చిరిగిన బట్టలతో, పిక్కకు గ్రీజుతో బడికి వెళ్లాను. హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించి, ఎవరికీ వినపడకుండా మెల్లగా చెప్పారు.

"మేడమ్, మీరు మంచిగ చెప్తరు, పిల్లలకు మీరంటే భయం భక్తి ఉన్నయ్. గిట్ల వస్తే ఆ మర్యాద ఉంటదా, జర ఆలోచించుండ్రి."

ఆయన కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని. నా మంచికే చెబుతున్నారని తెలిసి తల ఊపి క్లాసుకు వెళ్లిపోయాను. ఆ రాత్రి మా ఆయనతో బస్సులోనే పోతానన్నాను. ఆయన పాత బనీను చించి, చుడీదార్ కాలు బిగించి కట్టుకోవడానికి ఒక పట్టీ కుట్టి ఇచ్చాడు. ఆయన కుట్టడం నేనెప్పుడూ చూడలేదు. కుట్లు వంకరటింకరగా పడ్డాయి. పొద్దున్నే ఆ పట్టీ కట్టుకుని సైకిల్ మీదే వెళ్లాను.

ఎండాకాలం వచ్చాక బడి ముందు ఎండలో పెట్టిన సైకిల్ ట్యూబు రెండుసార్లు పేలింది. రెండోసారి పేలినప్పుడు పిల్లలు టపాకాయ అనుకుని పరిగెత్తుకొచ్చారు. మరుసటి రోజు నేను వెళ్లేసరికి హెడ్మాస్టరు గారి గదిలో బీరువా పక్కన ఉన్న కుర్చీలు జరిపి జాగా చేసి ఉంది. సైకిల్ లోపల పెట్టుకోండి మేడమ్ అన్నారు, రిజిస్టరు నుంచి తల ఎత్తకుండానే. మర్యాద గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఆయన రిటైరయ్యేదాకా నా సైకిల్ ఆ గదిలోనే ఉంది.

మరుసటి చలికాలంలో కోదాడ మాస్టారు సూర్యాపేటకు ఏదో పెళ్లికి వచ్చి, అటు నుంచి ఆటో మాట్లాడుకుని మా బడికి వచ్చారు. ఇంకా తొక్కుతున్నావా అని అడిగారు. నేను గదిలోంచి సైకిల్ తెచ్చి చూపించాను. ఆయన చక్రం పైకెత్తి తిప్పి చూశారు, బ్రేకు నొక్కి చూశారు. కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, పంచె పైకి దోపుకుని, ఎవరూ వద్దనే లోపు ఎక్కేశారు. డెబ్బై దాటిన మనిషి పొట్టేలు కొమ్ముల మీదికి వంగి, ఆ గ్రౌండు చుట్టూ రెండు చుట్లు గట్టిగా కొట్టారు. పిల్లలు క్లాసుల్లోంచి బయటికొచ్చి నిలబడ్డారు. హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. దిగాక ఆయన ఆయాసపడుతూ, గేర్లు తీసేసి మంచి పని చేశావన్నారు, అంతే. ఆటో ఎక్కేముందు మాత్రం సీటును ఒకసారి చేత్తో తడిమారు.

వానాకాలంలో వాగు నిండితే పది పదిహేను రోజులు బస్సే గతి. సమ్మెలకు బస్సులు బంద్ అయిన రోజుల్లో మాత్రం సూర్యాపేట నుంచి ఆ బడికి చేరిన టీచరును నేనొక్కదాన్నే. అలా ఏడేళ్లు ఆ దారిన తిరిగాను. వాగు మీద కల్వర్టు పడిన ఏడాదే నాకు బదిలీ వచ్చింది. సైకిల్ ఎత్తుకోకుండా దాని మీద నుంచి నాలుగైదు నెలలు పోయాను. మొదట్లో ఆ కొత్త సిమెంటు మీద సైకిల్ దిగకుండా పోవడం ఏదో మరిచిపోయినట్టుగా ఉండేది.

ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాం. మా ఆయనకు మిల్లు దగ్గర, నాకు బడి ఇంటి నుంచి పావుగంట. తవుడు దుమ్ములో, లారీల పక్కనుంచి పొద్దున్నే అదే సైకిల్ తొక్కుకుంటూ పోతాను. ఈ బడిలో హిందీ టీచరుకు నలభై ఐదేళ్లు. పుట్టి బుద్ధెరిగాక సైకిల్ ముట్టలేదట. నేర్పమని అడిగింది. ఆదివారం పొద్దున బడి గ్రౌండులో నేను సీటు పట్టుకుని వెనక పరిగెత్తుతాను, ఆమె ముందుకు చూడకుండా నన్నే చూస్తుంది. మొన్నటితో మలుపు తిప్పడం వచ్చింది. ఆపడం ఇంకా రాలేదు, నెమ్మదిగా వస్తుంది.