వంటింట్లో నేర్చిన జర్మను

"చెప్పినవా, చెప్పలేదా? గదొక్కటి చెప్పు అత్తా."

"చెప్పిన. అయితే ఏందే? లేనిది చెప్పిన్నా? ఉన్నదే చెప్పిన."

"నేను తలుపు సాటుకు నిలబడి వాళ్ళ ముచ్చట్లు ఇంటున్ననని చెప్పినవ్. గది ఉన్నదా?"

"మరి యాడ నేర్చినవే? దొరసాని నిన్ను బల్లకాడ కుర్సీ ఏసి కూసోబెట్టి నేర్పిందా?"

"పని చేసుకుంట నేర్చిన. నీ కండ్ల ముంగటనే నేర్చిన. ఎవ్వలికి చెప్పకు, ఒక్కపారే చెబుదాం అన్నది ఎవలు? నువ్వు గాదా?"

"అన్న. అప్పుడు గట్లన్న. ఇప్పుడు గిట్ల చెప్పిన. ముందుగాల ఆ గిన్నె దించు, మాడుతది."

నేను గిన్నె దించలేదు. పప్పు మాడింది. ఈ చేతులతో తిండి పాడు చేయడం నా జన్మలో అదొక్కసారే. ఇప్పటికీ మా ఇంట్లో పిల్లలు విస్తట్లో మెతుకు వదిలితే ఊరుకోను. ఆ సాయంత్రం మాత్రం పొయ్యి ముందు నిలబడి, పప్పు నల్లబడే వాసన ముక్కుకు తగులుతున్నా చెయ్యి కదపలేదు.

ఆ వంటిల్లు సూర్యాపేటలో జర్మనీ పాదిరిగారి బంగళా వెనక ఉండేది. బంగళాలో ఇద్దరే ఉండేవాళ్ళు. ముసలి పాదిరిగారిని మేము పెద్దయ్యగారు అనేవాళ్ళం. ఆయన చెల్లెలు నర్సు, ముందర గదిలో దవాఖాన నడిపేది. ఆమెను దొరసానమ్మ అనేవాళ్ళం. యుద్ధమప్పుడు వాళ్ళది శత్రుదేశమని సర్కారువాళ్ళు ఇద్దరినీ తీసుకుపోయి ఎక్కడో ముళ్ళకంచె లోపల పెట్టారు. యుద్ధం అయిపోయాక తిరిగి వచ్చారు. మనుషులు సగమై వచ్చారు. దొరసానమ్మకు మునుపు లేని అలవాటొకటి వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, కిటికీ వైపు చూసేది.

మా మేనత్త వాళ్ళ వంటమనిషి. ఆమెది కోదాడ. మొగుడు పోయాక కొడుకును అక్కడ బియ్యం మిల్లులో పనికి పెట్టి, తను ఇక్కడ వంటకు కుదిరింది. మా ఇల్లు అక్కడే, బంగళా పక్క పేటలో. మా అమ్మ చనిపోయాక చిలుకూరుకు కూలికి పోతూ మా నాయన నన్ను ఆమె దగ్గర వదిలాడు. అప్పటికి నేను పేటలోని బడిలో రెండో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదవగలను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వంటింట్లో బోళ్ళు తోమడం, దవాఖానలో కట్లగుడ్డలు ఉడికించి ఆరేయడం, బర్రెను చూసుకోవడం నా పనులు.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక దొరసానమ్మ లేచి నిలబడి ఒక సంగతి చెప్పింది. మిర్యాలగూడలో కాన్పుల కోసం కొత్త దవాఖాన పెడుతున్నారు. దానికి వాళ్ళ దేశం నుంచి డాక్టరమ్మ వస్తుంది. ఆమెకు తెలుగు రాదు, ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. "మా భాష నేర్చుకొనగల బాలిక ఎవరైనను ఉన్నయెడల, ఆమెను డాక్టరమ్మతో ఉంచుదుము. పని నేర్పుదుము," అంది. ఆమె తెలుగు అట్లాగే పుస్తకం చదివినట్టుండేది.

అందరూ నవ్వుకున్నారు, ఎవరు నేర్చుకుంటారని. నేను నవ్వలేదు. అప్పటికే మా పేటలో ఇద్దరు ఆడవాళ్ళు కాన్పులో పోవడం చూశాను. అందులో ఒకరు మా అమ్మ. ఆ గదిలో నిలబడి చేతులు నలుపుకోవడం తప్ప ఏమీ చేతకాని పిల్లగా ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. ఆ పని నాకు కావాలి. ఇంకేదీ అక్కర్లేదు.

నేర్పేవాళ్ళు లేరు. పుస్తకం కొనే మాటే లేదు. ఉన్నవాటితోనే మొదలుపెట్టాను.

ప్రతి ఆదివారం పెద్దయ్యగారు పేర్ల పట్టీ చదివి మమ్మల్ని పిలిచేవారు. ఇంటింటి వరసన పిలుస్తుంటే ఎవరికి వాళ్ళు లేచి "ఉన్నాను" అనేవాళ్ళు. ఆ వరస నాకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. ఆ పట్టీ జర్మను అక్షరాల్లో రాసి ఉండేది. బల్ల తుడిచేటప్పుడు తెరిచి చూశాను. మొదటి పేరు మా పేట పెద్దమనిషిది, రెండవది ఆయన భార్యది, మూడవది మా నాయనమ్మది. పేరు తెలుసు కాబట్టి ఏ గీత ఏ శబ్దమో పట్టుకోవడమే మిగిలింది. నాయనమ్మ పేరులో ఉన్న గీతే మా చిన్నాన్న పేరులోనూ ఉంది. వంటింటి గచ్చు మీద బొగ్గుతో రాసుకుని, తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. కాగితం ఖర్చు లేదు. మా పేట పేర్లే నాకు ఓనమాలు.

అక్షరాలు వచ్చాక డబ్బాలు పనికొచ్చాయి. వంటింటి గూట్లో డబ్బాల మీద దొరసానమ్మ తన భాషలో చీటీలు అంటించి ఉంచింది. చీటీ చదివి, మూత తీస్తే అర్థం దొరికేది. ఉప్పు జాల్ట్స్. పిండి మేల్. మిరియాలు ఫెఫర్. చక్కెర డబ్బా మీది త్సుకర్ అనే మాట అయితే చక్కెరకు చుట్టమే అనిపించింది. తరువాత దవాఖాన సీసాలు. అవి మూత తీసి వాసన చూడాల్సి వచ్చేది. ఒకసారి వాసన చూసి కళ్ళు తిరిగి కూర్చున్నాను.

మాటలు కలపడం మాత్రం బల్ల దగ్గరే నేర్చాను. అన్నా చెల్లెలూ తింటుంటే నీళ్ళు అందించడం, గిన్నెలు తీయడం నా పనే. దాక్కున్నది లేదు. వాళ్ళ ఎదుటే నిలబడేదాన్ని. ఆయన ఒక మాట అని చెయ్యి చాపితే, ఆమె రొట్టె అందించేది. ఇంకో మాట అంటే కిటికీ మూసేది. మా బడిలో చదువంటే ఒకటే తెలుసు మాకు. పెద్దలు చెప్పింది చెప్పినట్టు కంఠతా పట్టి, తప్పు లేకుండా అప్పజెప్పడం. అర్థం తరువాత వస్తుందనేవాళ్ళు మాస్టర్లు. నేనూ అట్లాగే పట్టాను. వాక్యానికి వాక్యం గుర్తు పెట్టుకుని, బర్రెను తోలుకుపోతూ దానికి అప్పజెప్పేదాన్ని.

మా అత్త ఒకరోజు వెనకాల నిలబడి విన్నది. "ఓసి నీ పాసుగాల! బర్రెతోటి ఏం మాట్లాడుతున్నవే?"

చెప్పాను. ఆమె నోటి మీద వేలేసుకుంది.

"నిజంగనే? ఏదీ, దానికి కూసోమని చెప్పు."

చెప్పాను. బర్రె నిలబడే ఉంది. ఇద్దరం నవ్వాం. "దానికి రాలే గానీ నీకొచ్చింది పో," అంది. మళ్ళీ దగ్గరికి వచ్చి మెల్లగా, "ఎవ్వరికీ చెప్పకు. బడి మాస్టరు బిడ్డకు తెలిస్తే ఆ పిల్ల గూడ మొదలుపెడతది. డాక్టరమ్మ వచ్చేముందు ఒక్కపారే దొరసానికి చెబుదాం. నేనే చెబుత," అంది.

నేను నమ్మాను. అమ్మ లేనిదాన్ని, జుట్టు దువ్వి జడ వేసిన మనిషి ఆమే. ఆమె మాట కాదని ఎట్లా అనుకుంటాను?

డాక్టరమ్మ బొంబాయిలో దిగిందని కబురు వచ్చింది. ఆ మధ్యాహ్నం అత్త బావి దగ్గరికి వచ్చింది. "దొరసాని పిలుస్తుంది పో. చెప్పేసిన. చేతులు కడుక్కో, కొంగు సరిగ్గ సుట్టుకో. సిగ్గుపడకు. వచ్చిందంత అప్పజెప్పు, ఒక్క ముక్క దాసుకోకు," అంది. నా మొహం తన కొంగుతో తుడిచింది కూడా.

గదిలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. దొరసానమ్మ తమ భాషలో అడిగింది, నేను మాట్లాడేది నీకు తెలుస్తుందా అని.

"యా," అన్నాను. పరీక్ష మొదలైందనుకున్నాను.

బడిలో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. ఉప్పు, పిండి, రొట్టె అందించు, కిటికీ మూయి. తరువాత పెద్ద వాక్యాలు. కాఫీ గింజలు అయిపోయాయి. నాకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది. బడి మాస్టరు తానే బిషపుననుకుంటున్నాడు. పెద్దయ్యగారు ఆ మాటకు కొంచెం నవ్వబోయారు. నాకు ఇంకా హుషారు వచ్చింది. నాకు వచ్చిన వాటిలో అన్నిటికన్నా పొడుగు వాక్యం అప్పజెప్పాను. అది ఎండాకాలంలో వాళ్ళు చాలాసార్లు అనుకున్నదే. కాలికి గాయంతో వెనక వాకిటికి వచ్చినవాడికి మనం కట్టు కట్టిన సంగతి ఎవరికీ తెలియకూడదు, అధికారి మళ్ళీ వస్తే ఎవరూ రాలేదని చెబుదాం.

సగం మాటల అర్థం నాకు అప్పటికి తెలియదు. ఒక్క తప్పు లేకుండా చెప్పానని మాత్రం తెలుసు.

అవి ఎటువంటి రోజులో ఈ కాలంవాళ్ళకు చెప్పినా తెలియదు. పగలు పోలీసులు వచ్చి అడిగేవాళ్ళు, చీకటి పడితే వాళ్ళ మీద తిరగబడ్డ సంఘంవాళ్ళు. ఎవరికి అన్నం పెట్టావు, ఎవరికి కట్టు కట్టావు అన్న మాట మీద ఇండ్లు కాలిపోయాయి.

దొరసానమ్మ కిటికీ వైపు చూసింది. ఈసారి తెలుగులో అడిగింది.

"ఎంత కాలము నుండి వినుచున్నావు?"

"మీరు చెప్పిన ఆదివారం నుంచి అమ్మగారూ. మిర్యాలగూడ కోసం."

"ఎవరితో చెప్పితివి?"

"ఎవ్వరితో చెప్పలే. బర్రెకు చెప్పిన."

ఆమె నవ్వలేదు. "ఆ కంచె లోపలికి మేము ఎట్లు వెళ్ళితిమో నీకు తెలియదు. మా బల్ల యొద్ద వడ్డించినవాడే వినెను, చెప్పెను. నీవు తలుపు యొద్ద వినుచున్నావని మీ అత్త నిన్న చెప్పినప్పుడు నేను నమ్మలేదు. వెళ్ళుము."

అట్లా తెలిసింది నాకు. తలుపు దగ్గర అనే మాట మా అత్తది. నా మొహం తుడిచి పంపేటప్పటికే ఆ మాట చెప్పి వచ్చింది.

పప్పు మాడుతున్నప్పుడు జరిగిన పోట్లాట అదే. నేను అడిగింది ఒక్కటే, ఎందుకని.

"ఎందుకా? పసిపిల్లప్పటి సంది సాకిన. నా కొడుకు కోసం సాకిన," అంది అత్త. "మేనరికం వదిలి నువ్వు మిర్యాలగూడల తెల్లగుడ్డలు కట్టుకొని తిరిగితే, నా కొడుక్కి ఎవరిని తేవాలి? ఆ పని నేర్చినోళ్ళెవరన్న పెండ్లి చేసుకున్నరా? దొరసాని చేసుకున్నదా?"

"గా ముచ్చట నాతోటి అనరాదా? వద్దని నాకు చెప్పరాదా?"

"చెబితే ఇంటవా నువ్వు?"

"ఇనకపోదును."

"మరి? అందుకే ఆమెకు చెప్పిన."

ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. మాడిన గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది.

తరువాతి సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ కొడుకునే చేసుకున్నాను. మనిషి మంచివాడు, ఇందులో ఆయనకు ఏ పాపమూ తెలియదు. అత్త చివరన మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టింది నేనే, నోట్లో గంజి పోసింది నేనే. ఇంక మరిచిపోయినట్టే గదా అని మా కోడళ్ళు అంటారు. గంజి పోయడం వేరు, మరిచిపోవడం వేరు. జర్మను మాత్రం పోయింది. ఎవరికి అప్పజెప్పను?

మరునాడు పొద్దున బడి మాస్టరు బిడ్డ మిర్యాలగూడకు తయారై వచ్చింది. ఆ పిల్లకు కొంచెం ఇంగ్లీషు వచ్చు, జర్మను ఒక్క మాట రాదు. దొరసానమ్మ ఆమెను వెంటబెట్టుకుని బండెక్కింది. నా వైపు చూడలేదు. బండి మలుపు తిరిగాక పెద్దయ్యగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ ఆ పూటే వెళ్ళిపొమ్మన్నారు.

"ఇద్దరమా? నేనేం జేసిన అయ్యగారూ? నేనే గద మీకు చెప్పిన!" అంది అత్త.

"నీవునూ వెళ్ళుము," అన్నారు ఆయన.

అత్త మూట కట్టుకుంది. నేనూ కట్టుకున్నాను. సడకు మీద కోదాడ బస్సు ఆపి ఎక్కాం. అత్త జరిగి పక్కన చోటు చేసి, "కూసో," అంది. నేను కోదాడ దాకా నిలబడే పోయాను.