కట్టెను కొట్టి వినేటాయన

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల పనిచేసి రిటైరైన ఆ పెద్దాయనకు ఓ అలవాటుండె. ఎక్కడ కూసున్నా ముందు అక్కడి కట్టెను వేళ్లతోని రెండుసార్లు కొట్టి చెవొగ్గి వినేటోడు. బాయిల పైకప్పును అట్లనే కొట్టి చూస్తరట. డొల్లగ పలికితే కూలుతదని దాని కిందికి ఎవ్వరు పోరు.

ఆయన కొడుకు మీద హత్య కేసు. నేను కొడుకు తరఫు వకీలును. కండ్లార చూసిన సాక్షి ఈయనొక్కడే. సెషన్స్ కోర్టుల ఆయన బోనెక్కిన దినం నాకు జర ధైర్యంగనే ఉండె. కన్నతండ్రి, "నేను చూడలే" అంటడు, కేసు వీగిపోతది అనుకున్న.

"కొట్టిందెవరు?" అని సర్కారు వకీలు అడిగిండు.

పెద్దాయన బోను కట్టెను కొట్టి విన్నడు. కొడుకు తలెత్తి చూసిండు.

"మా పోరడే సార్. గొడ్డలితోని."

కొడుక్కు యావజ్జీవం పడ్డది. నాకు మస్తు కోపమొచ్చింది. తెల్లారి ఆయనే నా ఆఫీసుకొచ్చి, "హైకోర్టుల అప్పీలు వెయ్యున్రి సార్" అన్నడు.

"జైలుకు పంపింది నువ్వే గద పెద్దాయనా! ఇప్పుడు అప్పీలేంది?" అని కసిరిన.

"నిన్న దాక సాక్షిని సార్. ఇయ్యాల వాని బాపుగ వచ్చిన. గెలుస్తమా?"

నేను తీర్పు కాయితాలు తిరగేసిన. ఆయన నా టేబులును రెండుసార్లు కొట్టి, చెవొగ్గి శానసేపు విన్నడు.

"డొల్లగనే పలుకుతుంది సార్," అన్నడు కండ్లు తుడుసుకుంట. "అయినా వెయ్యున్రి."