డబ్బా మీది జిగురు

బాయిలర్ గది మనిషిని ఫ్యాక్టరీలో అందరూ ఆవిరి అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది అతని బావ. డబ్బాల్లో చిక్కటి పాలు నింపి అమ్మే ఫ్యాక్టరీ అది. పై హాల్లో బావ పాలు కాచేవాడు. అందుకు కావలసిన ఆవిరిని కింద ఇతను పుట్టించేవాడు. మధ్యన ఇరవై రెండు ఇనుప మెట్లు.

కాచేటప్పుడు పాలు విరగకుండా పైన కొలిచి కొంచెం డైసోడియం ఫాస్ఫేట్ కలుపుతారు. బాయిలర్ గొట్టాల్లో గార గట్టిపడకుండా కింద ట్రైసోడియం ఫాస్ఫేట్ వేస్తారు. ఫ్యాక్టరీ వాళ్లకు ఒకటి పాల ఉప్పు, రెండోది బాయిలర్ ఉప్పు. చూపుకి రెండూ తెల్లని రవ్వే. కాకపోతే బాయిలర్ ఉప్పు తడి చేతికి సబ్బులా జారుతుంది, కాసేపటికి మండిస్తుంది. నేల మీది గ్రీజు, గోడల జిడ్డు వదలగొట్టేది కూడా అదే.

"రెండూ ఒక ఇంటి పిల్లలేనోయ్, మీ అక్కా నువ్వూ లేరూ? ఆవిడ పాలలోకి పనికొస్తుంది, నువ్వేమో నేల కడగడానికి!" అని బావ ఏడిపించేవాడు.

అలాంటి బావ ఊరికే దొరకడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది అక్కే. పెళ్లయ్యాక అతన్ని వెంటబెట్టుకునే కాపురానికి వెళ్లింది. బావ మూతి ముడవలేదు సరికదా, వాళ్లనూ వీళ్లనూ బతిమాలి బాయిలర్ దగ్గర పనిలో పెట్టించాడు.

తప్పు మొదట చిన్నదే. కింద గది తేమకు సంచిలోని ఉప్పు రాయిలా గడ్డకట్టేది. పైవాళ్లు పారేసిన పెద్ద పాల ఉప్పు డబ్బా ఒకటి ఆవిరి కంటబడింది. మూత బిర్రుగా పట్టేది. బాయిలర్ ఉప్పంతా అందులో పోసుకున్నాడు. పైనున్న 'పాల ఉప్పు' చీటీ మాత్రం పీకలేదు. గదిలో ఉండేది తనొక్కడే, తనకు తెలుసు కదా అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పైన పాల ఉప్పు నిండుకుంది. స్టోరు మనిషి తాళం వేసి భోజనానికి వెళ్లాడు. బావ మెట్లు దిగి, అలవాటు ప్రకారం చేతిలోని గరిటెతో రెయిలింగు మీద మూడుసార్లు కొట్టాడు.

"ఏమోయ్ ఆవిరీ, మా ఉప్పు నీ దగ్గరుందే! రెండు గరిటెలు తీసుకుంటున్నా."

పంపు రొదలో ఆవిరికి సగమే వినబడింది. బాయిలర్‌లో నీటిమట్టం చూపే అద్దం మీంచి తల తిప్పకుండానే "తీసుకో బావా" అన్నాడు.

తెల్లనివన్నీ పాలనుకునే మనిషి కాదు బావ. చీటీ చదివే తీసుకున్నాడు. గంటలో కాగులో పాలు గోధుమరంగుకి తిరిగి సబ్బు వాసన కొట్టాయి. డబ్బాల్లోకి ఎక్కకముందే పరీక్షలో పట్టుబడ్డాయి గనక ఎవరూ తాగలేదు. కాగు మొత్తం కాలవలో పోశారు.

మేనేజరు బావను వెంటబెట్టుకుని మెట్లు దిగుతున్న చప్పుడు ఆవిరికి వినిపించింది. నిమిషం కూడా టైము లేదు. చీటీ చర్రున పీకి పొయ్యిలో వేశాడు.

"ఇక్కడ పాల ఉప్పు ఎప్పుడూ లేదండీ. చీటీ కూడా లేదు, చూడండి" అన్నాడు.

బావ అతని వేళ్లకంటిన జిగురు చూశాడు. ఆ తర్వాత మొహం చూశాడు. పెదవి విప్పలేదు.

ఇంటికి వెళ్లి భార్యతో మాత్రం చీటీ ఉందన్నాడు. ఆమె మండిపడింది. "వాడు నా చేతుల్లో పెరిగాడు. అబద్ధమాడతాడా? మీ తప్పు వాడి నెత్తిన రుద్దకండి!" బావ మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. పొరపాటు చేసినందుకు కాదు, చీటీ ఉందని మేనేజరుతో బొంకాడని బావను పనిలోంచి తీసేశారు. మూడో ఏడు జబ్బు చేసి పోయాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు పెద్దలు. ఆ మాట ఎవరి నోట విన్నా ఆవిరి అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేవాడు.

చీటీ పోయినచోట అరచేయంత జిగురు మిగిలింది. దానికి దుమ్ము పట్టి నల్లగా కనిపించేది. ఆ డబ్బాలోని ఉప్పే నీళ్లలో కలిపి తోమాడు. డబ్బా రంగు ఊడింది గాని జిగురు వదల్లేదు. వదిలిందనుకున్న మర్నాటికి వేలికి మళ్లీ అంటుకునేది. పదకొండేళ్లు తోమాడు. ఒక్కోసారి పంపు ఆగిన నిశ్శబ్దంలో రెయిలింగు మీద మూడు దెబ్బలు వినబడేవి. మెట్ల మీద చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. మొదట్లో భయపడేవాడు. పోనుపోను, వినబడని రోజున ఇంకా భయం వేసేది.

చివరికి ఫ్యాక్టరీలో ఉప్పును దానంతటదే కొలిచి పోసే యంత్రం పెట్టారు. "ఆ పాత డబ్బా రేపు తుక్కులోకి" అన్నాడు మేనేజరు. అది పోతే పీడా పోతుంది, అడిగే నాథుడుండడు. ఆవిరి ఆ మాటే పదిసార్లు చెప్పుకున్నాడు. చెప్పుకుంటూండగానే రెయిలింగు మోగింది. ఆ మధ్యాహ్నమే డబ్బా ఖాళీ చేసి, భుజాన వేసుకుని అక్క ఇంటికి నడిచాడు.

అక్క కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. అతను నిలబడే చెప్పాడు. ఉప్పు పోసుకోవడం, చీటీ పీకడం, పొయ్యిలో వేయడం, ఒక్క ముక్క దాచలేదు. అక్క ఏడవలేదు, తిట్టలేదు. జిగురు మీద బొటనవేలు ఆనించింది. తీయబోతే అంటుకుంది.

"మీ బావ పోయేముందు కూడా అడిగానురా, ఇప్పుడైనా నిజం చెప్పండీ అని. చీటీ ఉందే, అన్నారు. అప్పుడు కూడా నిన్నే నమ్మాను."

"అక్కా..."

"డబ్బా అక్కడ పెట్టి వెళ్లు."

అతను గుమ్మం దాటగానే వెనక తలుపు మూసుకుంది. రెండు మెట్లు దిగాక లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. బయటినుంచి వచ్చిన మనిషిని పలకరించినట్టుంది.

"ఏవండీ, మీ డబ్బా వచ్చింది. చీటీ ఉండేదట."

బావ ఏమంటాడోనని ఆవిరి మెట్ల మీదే నిలబడి వింటూ ఉండిపోయాడు.