రత్నమ్మ కాళ్ళ కింద తడి

2004 ఎండాకాలం. రాయదుర్గం బస్టాండు వెనక నాకొక చిన్న కారు షెడ్డు ఉండేది. ఒక మధ్యాహ్నం బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి తిప్పేస్వామి తన పాత కారు తెచ్చాడు. పక్క సీట్లో అతని భార్య రత్నమ్మ. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బళ్ళారిలో డయాలసిస్. మర్నాడు పొద్దున్నే పోవాలి.

దారిలో ఇంజన్ కాగిపోతోందట. పోసిన నీళ్ళు మాయమవుతున్నాయి, కింద చుక్క పడదు. అప్పటికే వేరేచోట రేడియేటర్ మార్పించాడు. నా భయమంతా హెడ్ గ్యాస్కెట్ మీదే. ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ నడుమ ఉండే పలుచని రేకు అది. అదే పోయుంటే విప్పి బిగించేసరికి రెండు రోజులు. ఆమెకు అంత గడువు లేదు.

రేడియేటర్ మూతికి ప్రెషర్ టెస్టర్ బిగించి చేతిపంపుతో గాలి కొట్టాను. టెస్టర్ ముల్లు దిగితే ఎక్కడో లీకున్నట్టు. మెల్లగా దిగుతోంది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే పొడిగా ఉన్నాయి, ఆయిల్‌లో నీళ్ళు కలవలేదు. గ్యాస్కెట్ బాగానే ఉంది. మరి నీళ్ళు ఎటు పోతున్నట్టు? పొద్దు వాలుతోంది.

రత్నమ్మ కారు దిగుతుంటే తిప్పేస్వామి గొంతు లేచింది. “మళ్ళా తాగినావా? మ్యాట్ తడిసి ఉండాది చూడు.”

కొలిచిన నీళ్ళే తాగాలని ఆమెకు డాక్టరు చెప్పాడట. ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది. ఆమె కాళ్ళు వాస్తున్నాయి, కాళ్ళ కింద మ్యాట్ తడుస్తోంది. దొంగచాటుగా తాగి ఒలకబోస్తోందని అతని అనుమానం.

“నేను తాగలేదన్నా,” అంది ఆమె, నాతో.

మ్యాట్ ఎత్తి వేలు పెట్టాను. జిగురుగా, లేతపచ్చగా ఉంది. కూలెంట్, అంటే ఇంజన్ వేడిని లాగే నీళ్ళు. డ్యాష్‌బోర్డు కింద హీటర్ కోర్ అని చిన్న రేడియేటర్ ఉంటుంది, చలికి కారు లోపల వెచ్చచేయడానికి. మా ఎండల్లో దాన్ని ఎవరూ వాడరు, కానీ ఇంజన్ నీళ్ళు దానిగుండా పోతూనే ఉంటాయి. అది కారి, నీళ్ళు కార్పెట్ కిందికి ఇంకుతున్నాయి.

“ఇవి ఆయమ్మ తాగే నీళ్ళు కాదప్పా. ఇంజన్ నీళ్ళు.”

అతను వంగి ముట్టుకున్నాడు, వాసన చూశాడు. “ఇన్ని దినాలూ తిడతానే ఉంటిని,” అన్నాడు. రత్నమ్మ ముఖం అటు తిప్పుకుంది.

నీళ్ళు హీటర్‌లోకి పోకుండా దాని రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేశాను. మళ్ళీ గాలి కొడితే ముల్లు దిగకుండా నిలబడింది. అయినా మర్నాడు పనిమీద మనసు నిలవలేదు. ఆ దారిలో బండి ఆగితే నీళ్ళు దొరికే ఊరు దూరం. చివరికి పక్క ఎస్టీడీ బూత్‌కు తిప్పేస్వామి ఫోను వచ్చింది.

“చేరినామన్నా. ఇంజన్ కాగలేదు. రత్నమ్మను లోపలికి పిలిచినారు.”

అప్పటి నుంచి బండి తోలేవాణ్ణి ఒక్కణ్ణే అడిగి ఊరుకోను. పక్కన కూర్చున్నవాళ్ళనూ అడుగుతాను, చెప్పింది నమ్ముతాను. ఆ నీళ్ళు తనవి కావని రత్నమ్మ ఎన్నో వారాలుగా చెబుతూనే ఉంది.