మెయిన్ దింపని పూట

ఈతకొలనులు బాగుచేసి బతికే మనిషికి ఈత రాదంటే ఎవరైనా నవ్వుతారు. ఆయనా నవ్వేవాడు, కాకపోతే గట్టు మీద నిలబడి. ఎన్ని సబ్బులు అరగదీసినా ఒంటికి పట్టిన మందు వాసన వదలకపోవడంతో భార్య తరఫు పిల్లలు ఎప్పుడో ‘క్లోరిన్ బావ’ అని పేరు పెట్టేశారు. పోనుపోను వయసులో పెద్దవాళ్ళు కూడా వావీ వరసా చూసుకోకుండా అలాగే పిలవసాగారు.

భయం ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. తన నీడను చూసి తానే ఉలిక్కిపడే రకం. గ్యాస్ కట్టేశామో లేదో అని సగం దారిలోంచి వెనక్కొచ్చేవాడు. గుమ్మంలో ఆ నీడ పడగానే మిషను కుట్టుకుంటున్న భార్య తల కూడా ఎత్తకుండా, “కట్టేశాను. తాళంచెవి నీ జేబులోనే ఉంది. ఇక వెళ్ళు” అనేది.

నిజం చెప్పాలంటే ఆ భయమే ఆయనకు కూడు పెట్టింది. నీళ్ళలో మందు కలిపేవాడే గాని మందు మీద నీళ్ళు పోసేవాడు కాదు. రెండు రకాల మందు డబ్బాల్ని పక్కపక్కన పెట్టనిచ్చేవాడు కాదు. మోటారు కాస్త మూలిగితే చాలు, గాలి ఎక్కడ పీలుస్తోందో కనిపెట్టి, మూత కింద రబ్బరు మార్చేదాకా ఆయనకు మెతుకు దిగేది కాదు.

నీళ్ళలోకి దిగే పని మాత్రం బావమరిదిది. గజ ఈతగాడు. తల్లి పోయాక అక్క చేతుల మీదే పెరిగాడు. ఇప్పుడు వాడికే ఒక పాప ఉన్నా అక్కకు మాత్రం ఇంకా పసివాడే. పొద్దున్నే ఇద్దరూ బండెక్కుతుంటే ఆమె రోజూ అదే మాట అనేది. “వాణ్ణి ఎలా తీసుకెళ్తున్నావో అలా తీసుకురా.” నవ్వుతూనే అనేది. ఆయన మాత్రం ప్రతిసారీ ఒట్టు వేసినట్టు తలూపేవాడు.

ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. బావమరిది అడుగుకు మునిగే పని ఉంటే ముందు తానే వెళ్ళి మెయిన్ స్విచ్చి దింపాలి. ఏ ఇంట్లోనైనా సరే, ఎంత చిన్న పనైనా సరే. అన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

తప్పింది ఆ మూల బంగళాలో. అక్కడ మోటారు గదిలోనే ఇంటావిడ పెద్ద ఫ్రీజరు పెట్టుకుంది. కేకులూ ఐస్‌క్రీములూ చేసి అమ్మే మనిషి. రెండింటికీ ఒకటే మెయిన్. కిందటిసారి ఈయన దింపిన మెయిన్ మళ్ళీ ఎత్తడం కాస్త ఆలస్యమైంది, ఐస్‌క్రీములన్నీ కరిగి కారిపోయాయి. ఆవిడ నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. “ఇంకోసారి ఆ స్విచ్చి ముట్టుకున్నావంటే ఈ గేటు తొక్కొద్దు!” అంది. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు.

ఈసారి గాలివానకు కొలను నిండా ఆకులు పడ్డాయి. మోటారు వేసి చూస్తే నీళ్ళు సరిగా లాగడం లేదు. కొలను అడుగున, నీళ్ళు మోటారుకు వెళ్ళే గొట్టం నోట్లో, ఏదో అడ్డుపడింది. దాని మీది జాలీ విప్పి చేత్తో తీయాలి. బావమరిది చొక్కా విప్పాడు. ఈయన మోటారు గదిలోకి వెళ్ళాడు.

మెయిన్ మీద చెయ్యి వేశాడు. పక్కన ఫ్రీజరు గుర్రుమంటోంది. వంటింటి కిటికీలోంచి ఆవిడ గొంతు ఖంగుమని వినిపించింది, ఫోనులో ఎవరినో దులిపేస్తోంది. చెయ్యి దానంతటదే కిందికి వచ్చేసింది. రోజూ వేళకు మోటారు వేసి ఆపే గోడ టైమరు వైపు చూశాడు. దాని మీట నొక్కినా మోటారు ఆగుతుంది, ఫ్రీజరు నడుస్తుంది. పామూ చస్తుంది, కర్రా విరగదు. మీట నొక్కి బయటికి వచ్చి, గట్టు మీంచి చెయ్యి ఊపాడు. బావమరిది ఒక్క క్షణం మోటారు గది వైపు చూసి, ఊపిరి బిగబట్టి మునిగాడు.

అందరికంటే ఎక్కువ భయపడే మనిషికి ఆ రోజు ఒక్క సంగతి తట్టలేదు. గాలివానకు కరెంటు పోయినంతసేపూ టైమరు గడియారం కూడా ఆగిపోయి, ఇప్పుడు వెనకబడి తిరుగుతోంది. రోజూ మోటారు వేసే వేళ దాని లెక్కలో ఇంకా రాలేదు. ఆ వేళ అప్పుడు వచ్చింది.

లోపల టక్కుమని చప్పుడు. మోటారు అందుకుంది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. అడుగున బావమరిది చెయ్యి మోచేతిదాకా గొట్టంలో ఉంది. కాళ్ళు నేలకు తన్ని లాక్కోబోయాడు. రాలేదు. మళ్ళీ తన్నాడు. బుడగలు గుంపుగా పైకి వచ్చాయి.

చప్పుడు విని ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది. “దూకవయ్యా! అలా గుడ్లప్పగించి చూస్తావేంటి? దూకి లాగు!”

దూకాలనే అనుకున్నాడు. కాళ్ళు గట్టుకు అతుక్కుపోయాయి. వెనక్కి తిరిగి పరుగు తీశాడు. “అయ్యో, పారిపోతున్నాడు!” అని ఆవిడ అరవడం వినిపించింది. నిజానికి కొలనుకు దూరంగా పోవడం తప్ప ఆ పరుగుకు ఇంకో ఆలోచన లేదేమో, ఆయనకే తెలియదు. మోటారు గది ఎదురుపడ్డాక గాని చేతికి బుద్ధి రాలేదు. మెయిన్ దింపాడు. గాలి చొరబడి గొట్టం పట్టు వదలాలని మోటారు మీది మూత తిప్పి పీకేశాడు. నీళ్ళు బుస్సుమని కాళ్ళ మీద పడ్డాయి.

గది నిశ్శబ్దమైపోయింది. బయటికి వెళ్ళి చూడాలి. చూడలేకపోయాడు. చూస్తే ఏం కనిపిస్తుందో, ఇంటికెళ్ళి మిషను ముందు కూర్చున్న మనిషికి ఏమని చెప్పాలో. స్విచ్చి పట్టుకుని గోడకు ఆనుకుని చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు.

అప్పుడు దగ్గు వినిపించింది. బయటికి ఉరికాడు.

బావమరిది గట్టు పట్టుకుని వేలాడుతున్నాడు. చెయ్యి మోచేతిదాకా కమిలి నల్లబడింది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఈయన పక్కన కూలబడి ఏడ్చేశాడు. “మెయిన్ దింపలేదురా. ఆవిడ తిడుతుందని టైమరు ఒక్కటే ఆపాను. నీకు చెప్పను కూడా లేదు.”

“చూశాలే బావా.”

“ఏం చూశావ్?”

“గది బయట దీపం వెలుగుతూనే ఉంది కదా. మెయిన్ దింపలేదని తెలిసింది.”

“మరి ఎందుకు దిగావురా!”

వాడు నీళ్ళు ఉమ్మి, మొహం తిప్పుకున్నాడు. “అడిగితే నువ్వు కంగారు పడతావు. మళ్ళీ రాత్రంతా నిద్రపోవు. నీకు భయం పుట్టించే మాట ఏదీ అనొద్దని అక్క చిన్నప్పుడే చెప్పింది. పోనీలే, చిటికెలో పనేగా అనుకున్నా.”

ఆయనకు అంతకుముందు వేసిన భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇన్నేళ్ళూ తన భయం తన ఒక్కడి బాధే అనుకున్నాడు. దాన్ని కదపకుండా ఇంటిల్లిపాదీ నోరు నొక్కుకుని బతుకుతున్నారని, ఆ మొహమాటానికి ఈ పిల్లాడి ప్రాణం పోబోయిందని ఇప్పుడు తెలిసింది.

ఇంటావిడ కాస్త తేరుకుంది. మనిషి బతికాడని తేలాక ఫ్రీజరు గుర్తొచ్చినట్టుంది. “ఏమయ్యా, ఇంకా ఎంతసేపు? రేపు మా మనవలు ఈదాలి. ఆ జాలీ బిగించేసి స్విచ్చి వేసెయ్యండి” అంది.

బావమరిది గట్టు మీదికి ఎక్కి, స్క్రూడ్రైవరు కోసం ఎడమ చెయ్యి చాపాడు.

“ఆగు” అన్నాడు ఆయన. “నేనేమైపోయినా ఫర్వాలేదు, నిజం చెప్పు. దిగగలవా?”

వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“భయంగా ఉంది బావా” అన్నాడు. “నాకు నీళ్ళంటే భయంగా ఉంది.”

ఆయన లేచి నిలబడ్డాడు. “అమ్మగారూ, ఇవాళ ఎవరూ దిగరు. రేపూ దిగరు. ఈ నీళ్ళన్నీ తోడేసి, అడుగు ఆరాక నేనే నడిచి వెళ్ళి బిగిస్తాను. అందాకా మెయిన్ ఎత్తను. మీ సరుకు వేరే చోటికి మార్చుకోండి” అన్నాడు. గొంతు మేకలా వణికింది. ఆవిడ తిట్లు మొదలుపెట్టింది. ఆయన అవన్నీ వింటూ, బావమరిది తడి వీపు మీద తువ్వాలు కప్పి, వాడి వణుకు తగ్గేదాకా పక్కనే కూర్చున్నాడు.