తప్పు పడ్డ చోట అవ్వ గొంతు

బాగున్నదాన్ని ఇంకా బాగు చేస్తామని తయారయ్యే మహానుభావులకు దూరం నుంచే ఓ దండం పెట్టాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అన్నారా? కరీంనగర్ మంకమ్మతోటలో, మేడ మీద రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే జాన్సన్‌కు సరిగ్గా అదే జరిగింది. పొద్దున కంప్యూటర్ పెట్టగానే, తను కోడ్ రాసుకునే ఎడిటర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందని, ఒక్కసారి మూసి తెరిస్తే చాలని కబురొచ్చింది. సరే కానిమ్మని మీట నొక్కాడు. ఎడిటర్ మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. ఈలోపల అందులో ఉన్న వాళ్లవ్వ గొంతు మాయమైపోయింది.

ఎడిటర్‌కూ అవ్వ గొంతుకూ సంబంధమేమిటని అడుగుతారు. చెప్పాలి మరి.

అక్కడ అవ్వంటే అమ్మే. జాన్సన్ మెట్‌పల్లిలో బీడీలు చేసిన మగ్దలేనమ్మ కొడుకు. మెథడిస్టు సంఘంలో పెరిగిన ఇల్లు, చీకటి పడే వేళకు ఇంట్లో ప్రార్థన తప్పదు. బైబిలు చదివే పని జాన్సన్‌ది. మగ్దలేనమ్మకు అక్షరం ముక్క రాదు. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి, చెవులు మాత్రం కొడుకు మీద ఉండేవి. చిన్నప్పటి నుంచి వినీ వినీ కీర్తనలు ఆమె నాలుక మీదే ఉన్నాయి. పిల్లాడు ఒక్క మాట మింగినా పట్టేసుకునేది. "ఆగు బిడ్డా. మల్ల సదువు" అనేది. అందులో కోపమూ లేదు, తిట్టూ లేదు. ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివితే సరిపోయేది.

వాడు ఎప్పుడూ వరుస చివరి మాటలే మింగుతున్నాడని కూడా ముందు ఆమెకే తెలిసింది. బడిలో పంతుళ్లు పొగరనుకున్నారు. ఆమె ఓ సాయంత్రం చేట పక్కన పెట్టి, కొడుకు చెంపల దగ్గర చెయ్యి ఆడించి చూసింది. వాడికి ఆ చెయ్యి కనిపించలేదు. ఆమె ఏడ్చిన ఏడుపుకు వాడకట్టంతా పోగైంది. కంటి లోపలి పొర ఎండిపోతోందని, దానికి మందు లేదని డాక్టర్లన్నారు. డిగ్రీ అయ్యేసరికి మిగిలిన కాస్త వెలుతురూ ఆరిపోయింది.

అయినా కూర్చుని ఏడ్చే రకం కాదు జాన్సన్. తెర మీది అక్షరాలను గడగడా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉందని తెలుసుకుని, దాని సాయంతో కోడ్ రాయడం నేర్చాడు. చెవులే కళ్లు. రాసిన వరుసలో తప్పుంటే ఎడిటర్ టుంగుమని మోగుతుంది. ఆ మోత అతనికి నచ్చలేదు. ఒకరోజు ఫోన్ తల్లి నోటి దగ్గర పెట్టి, "అవ్వా, ఎనుకట అనేదానివి గదా, గా మాట ఒక్కసారి అను" అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. "నా గొంతెందుకురా, కాకి కూసినట్టుంటది" అంటూనే అంది. ఆ మాటను ఓ చిన్న ఎక్స్‌టెన్షన్‌తో ఎడిటర్‌కు తగిలించాడు. ఎక్స్‌టెన్షన్ అంటే ఎడిటర్‌కు మనం బయట నుంచి తొడిగే సామాను. అప్పటి నుంచి అతని వేలు ఎక్కడ తప్పినా, "ఆగు బిడ్డా. మల్ల సదువు."

తర్వాత తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తులను తినేసింది. సమాధి చేసి వచ్చాక జాన్సన్ తిరిగి పనిలో కూర్చుంటే, మొదటి తప్పుకే ఆమె పలికింది. భార్య ఆరాధన వంటింట్లోనే చతికిలబడి ఏడ్చింది. అతను మాత్రం ఏడవలేదు. అవ్వ ఎక్కడికీ పోలేదనుకున్నాడు. ఆ మాట రికార్డు చేసిన ఫోన్ నీళ్లలో పడి పాడైనా దిగులు పడలేదు. దేనికైనా రెండో కాపీ దాచుకోమని పదిమందికి చెప్పే మనిషి, ఈ ఒక్కదానికి దాచుకోలేదు. ఇంట్లో తిరిగే మనిషికి ఫోటో ఎందుకన్నట్టు ఊరుకున్నాడు. ఎంత పిచ్చి!

ఇప్పుడు కావాలని తప్పు రాసి చూస్తే టుంగుమంది. ఇంకోటి రాశాడు. టుంగు. సెట్టింగులన్నీ వెతికాడు. ఎక్స్‌టెన్షన్ పాతబడిందని, కొత్త వెర్షన్‌కు సరిపడదని, తీసేశామని అందులో రాసి ఉంది. చేసిన ఘనకార్యానికి మళ్లీ ఒక చాటింపు! పాత వెర్షన్ తెచ్చి ఎక్కించాడు. ఎడిటర్ పాతదైంది గానీ, గొంతు దాచిన ఫోల్డర్ ఖాళీ. చెరిపినవాటిని వెనక్కి తెచ్చే పరికరాలు కూడా నడిపి చూశాడు. దిక్కు తోచక వంశీధర్‌రావుకు ఫోన్ చేశాడు. ఇద్దరూ డిగ్రీలో ఒకే బెంచీ. వంశీధర్‌రావుకు ఇదే ఊళ్లో చిన్న కంపెనీ ఉంది, జాన్సన్‌కు పనిచ్చేది అతనే.

"అరే, గింత దానికి పరేషాన్ ఎందుకురా?" అన్నాడు వంశీధర్‌రావు. "ఎక్స్‌టెన్షన్లన్నీ బంద్ చెయ్యి. ఒక్కొక్కటి మల్ల చాలూ చేసుకుంట పో. ఏది లొల్లి వెడుతుందో ఎరుకైతది. గా బీడీల పని మాత్రం ఆపకు. సేటు నా పానం తీస్తుండు."

బీడీల పనంటే ఆ సేటు నడిపే బీడీల కార్ఖానాకు లెక్కల సాఫ్ట్‌వేర్. ఆడవాళ్లు ఇంట్లో చుట్టిన బీడీలు గంపల్లో తెచ్చి కార్ఖానాలో ఇస్తారు. అక్కడ చెకర్ చూసి, బాగా లేనివి పక్కకు తీసేస్తాడు. వాటికి కూలి రాదు. ఇప్పుడు సేటు కోరిందేమిటంటే, చెకర్ చెయ్యి పెట్టకముందే ప్రతి గంపలోంచి కొన్ని కట్టలు పాడైనట్టు యంత్రమే రాసేసుకోవాలి. చెకర్‌కు టైం కలిసొస్తుందని వంశీధర్‌రావు తీయగా చెప్పాడు. బీడీల కూడు తిని పెరిగిన జాన్సన్ ఆ వరుసను రాసి పెట్టాడు. నాకెందుకు, రాయమన్నది రాసిన అనుకున్నాడు. మనసంతా అవ్వ గొంతు మీదుంటే చేతులు ఏం రాస్తున్నాయో పట్టించుకోలేదని కూడా అనుకోవచ్చు. మనిషికి సాకులు కరువా?

మధ్యాహ్నం ఎక్స్‌టెన్షన్లన్నీ బంద్ చేసి, బీడీల కోడ్ తెరిచాడు. ఎడిటర్ వట్టి కుండలా ఉంది. బాణం మీట నొక్కుతూ ఒక్కో వరుసే దిగుతున్నాడు. యంత్రం గొంతు ఏ రుచీ లేకుండా చదువుకుంటూ పోతోంది. వంటింట్లో ఆరాధన జొన్నరొట్టెలు కొడుతోంది. సేటు కోరిన వరుస దగ్గరికి వచ్చాడు.

"ఆగు బిడ్డా. మల్ల సదువు."

జాన్సన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఆరాధనా! దొరికింది! అవ్వ దొరికింది!" అని అరిచాడు. రొట్టె చప్పుడు అప్పటికే ఆగిపోయింది. చేతులకు పిండితో ఆమె గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇన్న. ఎట్ల తెచ్చినవయ్యా?" అంది.

జాన్సన్ మీటల మీద మళ్లీ చెయ్యి వేశాడు. అతను తెచ్చిందేమీ లేదు. అన్నీ బంద్ చేసి ఉన్నాయి.

"జర గా ఫోల్డర్ల సూడు. ఏమన్న ఉన్నదా?"

ఆమె వంగి చూసింది. "ఖాళీ."

"నేనున్న వరుస మీద ఎర్ర గీత ఉన్నదా? తప్పున్నట్టు?"

"ఏ గీత లేదు. సక్కగనే ఉన్నది."

అతను కంప్యూటర్ శబ్దం పూర్తిగా తగ్గించాడు. స్పీకర్ తీగ పీకేశాడు. యంత్రం గొంతు ఆగిపోయింది. "నువ్వు సదువు, ఎనుకట నేను ప్రార్థనల సదివినట్టు, పైకే సదువు" అన్నాడు. ఆరాధన నోరు తిరగని ఆ ఇంగ్లిషు ముక్కలను కూడబలుక్కుంటూ చదివింది. ఒక వరుస, ఇంకో వరుస, సేటు కోరిన వరుస.

"ఆగు బిడ్డా. మల్ల సదువు."

గొంతు కంప్యూటర్‌లోంచి రాలేదు. కిటికీ కింది నుంచి వచ్చింది. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి మాట్లాడితే ఎంత ఎత్తు నుంచి వస్తుందో, అంత ఎత్తు నుంచి వచ్చింది. చూపు లేనివాడికి ఆ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. ఆరాధన "యేసయ్యా" అంటూ అతని భుజం పట్టుకుంది. ఆమె చేతి పిండి అతని చొక్కాకు అంటుకుంటోంది.

"ఎవలన్న ఉన్నరా ఆడ?" అన్నాడతను మెల్లగా.

"ఎవ్వలు లేరు. బండలే ఉన్నయి. మూసెయ్యయ్యా, నీకు దండం వెడత."

అతను మూయలేదు. ఆ వరుసను చెరిపి ఆమెతో మళ్లీ చదివించాడు. ఏ గొంతూ లేదు. వరుసను తిరిగి పెట్టాడు. "ఆగు బిడ్డా." అప్పుడు అర్థమైంది అతనికి. కంప్యూటర్‌కు కనపడని తప్పు అది. ఏ ఇంట్లోనో ఏ ఆడమనిషో నడుము విరిగేలా చుట్టిన కట్టలను, చూడకుండానే చెత్తలో పడేసే తప్పు.

బుద్ధున్నవాడైతే అక్కడే చెరిపేసి చేతులు కడుక్కునేవాడు. కానీ చెరిపితే అవ్వ పలకదు కదా! ఆ ఒక్క ఆశ అతన్ని పట్టుకుంది. రెండు రోజులు ఆగమని వంశీధర్‌రావుకు చెప్పాడు. ఆరాధన మందుల షాపులో పనికి పోగానే తలుపు వేసుకుని, స్పీకర్ తీగ తగిలించకుండానే, రాసినదాన్ని తానే పైకి చదువుకుంటూ కొత్త వరుసలు రాయసాగాడు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఆలస్యంగా వస్తే సగం గంప కొట్టెయ్యి. "ఆగు బిడ్డా." దగ్గే ముసలిదానికి ఆకు తక్కువ తూచు. "ఆగు బిడ్డా." అడిగినవాళ్ల పేరు తీసెయ్యి. "ఆగు బిడ్డా. మల్ల సదువు." తప్పు చేస్తే తప్ప తల్లి పలకదు కాబట్టి, కొడుకు తప్పులు చేస్తూ కూర్చున్నాడు. ఆ గదిలో తంబాకు ఘాటు మొదలైంది. అతనికి అది భయమనిపించలేదు, ఇల్లనిపించింది.

రెండో రోజు గొంతు మారింది. "ఆగు" తర్వాత ఊపిరి అందక ఒక ఖాళీ. "బిడ్డా" తర్వాత సన్నని పిల్లికూత, ఆ పైన దగ్గు. రికార్డు చేసిననాడు ఆమె నవ్వుతూ చెప్పింది. అందులో ఈ దగ్గు లేదు. ఇది మంచం పట్టిన నాటి గొంతు. జాన్సన్‌కు అది తెలిసింది. అయినా వేళ్లు ఆగలేదు, ఇంకో వరుస రాశాయి.

ఆరోజు షాపు తొందరగా మూశారు. మెట్ల మీదికి వచ్చేసరికే ఆరాధనకు లోపలి నుంచి ఆ దగ్గు వినిపించింది. దాని వెంట మొగుడి నవ్వు, ఏడుపు కలిసిపోయి వినిపించాయి. ఆమె చేతిలోని సంచి జారిపోయింది. వెనక్కి పారిపోవాలనిపించింది. కానీ ఆ దగ్గు ఆమెకు తెలుసు. ఆఖరి నెలల్లో ఆ వీపు నిమిరిన చెయ్యి ఆమెదే. తలుపు తోసి లోపలికి వచ్చింది.

"ఏం జేస్తున్నవయ్యా?" అని అరిచింది. భయం పోయి కోపం వచ్చింది ఆమెకు. "ఊపిరాడనప్పుడు సుత ఒళ్ల నుంచి బీడీలు దించలే అత్తమ్మ. నీ సదువు కోసమే గదా! సచ్చినంక సుత పనికి వెడ్తున్నవా? జరసేపు పండుకోనియ్యవా ఆమెను?"

జాన్సన్ చేతులు మీటల మీద నుంచి జారిపోయాయి. కిటికీ కింద ఊపిరి బరువుగా ఎక్కుతూ దిగుతోంది. కొడుకు రాసిన ప్రతి పాడు వరుసకూ ఆ ఊపిరిని కూడదీసుకుని లేచింది ఆమె. అతను తల మీటల బల్లకు ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

తను రాసిన కొత్త వరుసలన్నీ చెరిపేశాడు. సేటు కోరిన వరుస ఒక్కటి మిగిలింది. దాని మీద వేలు ఆగిపోయింది.

"ఒక్కసారి. ఆఖరుసారి ఇననియ్యి" అన్నాడు.

ఆరాధన అతని పక్కన కూర్చుంది. "ఇను" అంది.

ఆ వరుసను ఆమెతో చదివించాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఆగు... బిడ్డా." ఆ తర్వాతి మాటకు ఆమెకు ఊపిరి అందలేదు. జాన్సన్ ఆ వరుసను చెరిపేసి, ఎడిటర్‌లో భద్రపరిచాడు. వెంటనే వంశీధర్‌రావుకు ఫోన్ చేసి, గంపలోంచి చూడకుండా తీసే లెక్క తాను రాయనని చెప్పేశాడు.

"నీకు పిచ్చి లేసిందారా? నువ్వు రాయకుంటె ఇంకొకడు రాస్తడు."

"రాయనీ. ఆనికి ఆపెటోళ్లు ఉంటరో లేరో ఆని నసీబు" అన్నాడు జాన్సన్. ఆ పని ఇంకొకరికి పోయింది. తర్వాత వంశీధర్‌రావు నుంచి చాలా రోజులు ఫోన్ కూడా రాలేదు.

వరుస చెరిపిన సాయంత్రమే జాన్సన్ స్పీకర్ తీగ మళ్లీ తగిలించి, కోడ్‌ను మొదటి వరుస నుంచి చదివించాడు. ప్రతి వరుసకూ ఆగి, చెవి కిటికీ వైపు పెట్టాడు. ఎక్కడా ఎవరూ ఆపలేదు. చివరి వరుస దాకా వచ్చేసింది. గదిలో తంబాకు వాసన మాత్రం అలాగే ఉంది.

"పోయిందా?" అంది ఆరాధన, గొంతు తగ్గించి.

"ఎరుక లేదు" అన్నాడు జాన్సన్. "సక్కగ సదివిననాడు అవ్వ ఎన్నడు ఏమనలే. ఊకె ఇనుకుంట కూసునేది."

ఆరాధన లేచింది. వంటింట్లోకి పోతూ, కిటికీ కింది ఖాళీ నేలను తొక్కకుండా చుట్టూ తిరిగి పోయింది.