మా లోలా కూడా అస్వాంగే

నవల అచ్చయితే చాలు, లోకం ఎగబడి కొంటుందని జెనలిన్ నమ్మింది. కొత్తగా రాసేవాళ్ళందరికీ ఉండే జబ్బే అది. బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, తెల్లారగట్ల లేచి కొన్నేళ్ళపాటు రాసుకుంది. పగలు మనుషుల్లా తిరిగి రాత్రి రెక్కలు తొడుక్కుని నది మీద ఎగిరే ఆడవాళ్ళ కథ. ప్రచురించేవాళ్ళు ఎవరూ తీసుకోకపోతే తనే అచ్చు వేయించుకుంది. పుస్తకాల పెట్టెలు మంచం కింద పట్టక బియ్యం డబ్బా పక్కకి, అక్కడా చాలక అమ్మమ్మ చాప పక్కకి చేరాయి.

ఫేస్‌బుక్‌లో పుస్తకం బొమ్మ పెడితే చుట్టాలంతా గుండె గుర్తులు గుమ్మరించారు. కొన్నవాడు ఒక్కడూ లేడు. "మనలో మనకి డబ్బులేంటి ఇందై, నాకొకటి ఊరికే ఇవ్వు" అని ముద్దుగా పిలిచి అడిగినవాళ్ళు మాత్రం వీధికి ఇద్దరు. "చదువుతారా మరి?" అంటే "సినిమా తీస్తే చూస్తాంలే" అన్నారు.

అమ్మమ్మని మేం లోలా అంటాం. జెనలిన్ లోలా పేరు పసింగ్. తల్లి పోయాక జెనలిన్‌నీ, తమ్ముడు రోమెల్‌నీ ఆమే పెంచింది. కడుపుతో ఉన్నవాళ్ళకి నూనె రాసి పొట్ట నిమరడం, పుట్టిన బిడ్డకి తొలిస్నానం చేయించడం ఆమె పని. ఆసుపత్రులు వచ్చాక కాన్పులు మానేసింది గానీ, ఆ రెండు పనులకీ ఆమెని పిలవని ఇల్లు మా వీధిలో లేదు. ఇప్పుడు రోమెల్ భార్య అనలీసాకి నెలలు నిండుతున్నాయి. ఊరందరి బిడ్డల్నీ ఎత్తుకుంది, ఇక సొంత మునిమనవణ్ణి ఎత్తుకోవాలి. ముసలామెకి మిగిలిన ఒకే ఒక్క కోరిక అది.

ఇలోయిలో నగరంలో పుస్తకాల సంత పెడితే జెనలిన్ ఒక బల్ల తీసుకుంది. పక్క బల్ల దగ్గర పిల్లి బొమ్మల స్టిక్కర్ల కోసం జనం తోసుకుంటున్నారు. ఈమె ఈగలు తోలుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఒకాయన వచ్చి బాత్రూమ్ ఎటని అడిగాడు. అంతవరకూ అదే బేరం. ఆ తర్వాత ఫోన్‌లో వీడియో తీసుకుంటూ ఒక అమ్మాయి వచ్చి, పుస్తకం వెనక అట్ట చదివి, "మీరు కాపీజ్ వాళ్ళా? అస్వాంగుల ఊరు కదా" అంది.

కాపీజ్‌లో పుట్టిన పాపానికి ఈ మాట పడని వాళ్ళెవరు? రాత్రిపూట ఇంటి కప్పు మీద వాలి, తల్లి కడుపులోని బిడ్డని నాలుకతో పీల్చేసే ఆడదట అస్వాంగ్. పై ఊళ్ళో మా ఊరి పేరు చెబితే చాలు, పక్కవాడు కుర్చీ జరుపుకుంటాడు. అందుకని వాడికన్నా ముందే మా మీద మేమే ఎగతాళి చేసుకోవడం నేర్చుకున్నాం. కానీ ఇంట్లో మనిషి పేరు పెట్టి ఎవరూ అనరు.

జెనలిన్ అనేసింది. "మా లోలా కూడా అస్వాంగే. పసింగ్ అని అడగండి, మా వీధిలో ఎవరైనా చూపిస్తారు. చూసే రాశాను మరి" అని నవ్వింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. మర్నాటికి ఆ వీడియో ఎక్కడెక్కడో తిరిగింది. సంత ముగిసేసరికి తెచ్చిన పుస్తకాలన్నీ అమ్ముడయ్యాయి. బస్సులో వస్తూ ఆమె సంతోషం పట్టలేక ఏడ్చింది.

మాట బస్సుకన్నా ముందే ఊరు చేరింది. మూలింటి ఆవిడ గడప లోపలే నిలబడి "డాక్టరు పొట్ట నిమిరించుకోవద్దన్నాడు లోలా" అని తలుపు వేసుకుంది. చర్చిలో ముసలామె కూర్చునే బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. కొబ్బరిపాలలో అరటిపళ్ళు ఉడికించి పక్కింటికి పంపితే వాళ్ళు కుక్కకి పెట్టి, అది బతుకుతుందా చస్తుందా అని చూశారు.

"నేనేం చేశానే ఇందై?" అని లోలా అడిగింది.

జెనలిన్ తలొంచుకుని జరిగింది చెప్పింది. "పుస్తకాలు అమ్ముడయ్యాయా మరి?" అంది ముసలామె.

"అయ్యాయి."

"పోన్లే."

అది వేళాకోళానికి అన్న మాటేనని జెనలిన్ ఫేస్‌బుక్‌లో రాసింది. "నిజమైనవాళ్ళు ఒప్పుకుంటారా ఏంటి" అని కింద ఎవరో రాశారు. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈమె కడిగేకొద్దీ అడుసు మోకాళ్ళ దాకా వచ్చింది.

ఒకరోజు అనలీసా కిటికీకి ఎండిన టేకు చేప తోక కడుతూ కనిపించింది. అస్వాంగ్‌ని తరమడానికి కట్టే, కొరడాలాంటి ముళ్ళ తోక అది. "నేను నమ్మను లోలా, మా అమ్మే ఊరుకోవట్లేదు" అని గొణిగింది.

"గట్టిగా ముడెయ్యి, గాలికి ఊడిపోద్ది" అంది లోలా. ఆ తోక కట్టుకోమని ఇన్నేళ్ళుగా గర్భిణులందరికీ చెప్పింది ఆమే. దగ్గరికెళ్ళి సాయం పట్టబోతే అనలీసా రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది. ఆ వారమే పుట్టింటికి వెళ్ళిపోయింది.

మగపిల్లాడు పుట్టాడని రోమెల్ ఫోన్ చేశాడు. "లోలాని ఇప్పుడే తీసుకురాకు. మా అత్త గడప తొక్కనివ్వదు. పుస్తకం రాసుకున్నావు, బాగానే ఉంది. లోలాని ఎందుకమ్మావక్కా?" అన్నాడు. పక్కనుంచి లోలా "బిడ్డకి నీళ్ళెవరు పోశారో అడుగు" అంటోంది. అడిగేలోపే అవతల ఫోన్ పెట్టేశారు.

ఆ ఆదివారం ఇలోయిలో నుంచి ఒక వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. జెనలిన్ నవల చదివినవాళ్ళు. లోలాతో ఫొటో దిగాలట. జెనలిన్ తలుపు మూయబోయింది.

"ఎందుకే పొమ్మంటావు? నీ పుస్తకం కొన్నోళ్ళు" అంటూ లోలా జుట్టు దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నవ్వకండి లోలా, భయపెట్టాలి" అన్నారు వాళ్ళు.

"ఎట్లా భయపెట్టాలమ్మా? మావాళ్ళు నన్ను ఊరికే చూసి జడుసుకుంటున్నారు."

అందరూ విరగబడి నవ్వారు. వాళ్ళలో ఒక బాలింత, "ఆగండాగండి, భలే వస్తుంది" అంటూ చంకలోని పసివాణ్ణి తెచ్చి ముసలామె ఒళ్ళో పెట్టింది. లోలా బిడ్డ మెడ కింద చెయ్యి వేసి పొదివి పట్టుకుంది. తల మీద ముక్కు ఆనించి వాసన చూసింది. ఎన్నాళ్ళకో ఆమె మొహం విచ్చుకుంది.

"అట్లా కాదు లోలా, నోరు బాగా తెరవండి. తినబోతున్నట్టు."

లోలా మనవరాలి వైపు చూసింది. ఎవరో అప్పటికే ఫోన్ తెచ్చి జెనలిన్ చేతిలో పెట్టారు, తామంతా ఫొటోలో ఉండాలని.

"తియ్యవే, ఎంతసేపు నిలబడతారు పాపం" అంది లోలా. బిడ్డ మీదికి వంగి నోరు తెరిచింది.

జెనలిన్ ఫొటో తీసింది.